ఎడమ చక్రం దగ్గర చప్పుడు

గురువారం, పదో తారీఖు. ఉదయం పదీ నలభై.

కంకిపాడులో ఫిలిప్ మాస్టారి ఇంటి ముందు, ఏడు సీట్ల తెల్ల బండి పక్కన చాప పరుచుకుని సీతారావమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి. కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, పళ్ళ మధ్య టార్చిలైటు పట్టుకుని, తల బండి కిందికి పెట్టి చూస్తోంది. ఇరవై ఆరేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున గుద్దుకున్న బండ్లు పరీక్షించిన సర్వేయరు ఆవిడ. రిటైరయ్యాక, బెజవాడ చుట్టుపక్కల అంతు చిక్కని చప్పుడు చేసే బండి ఏదున్నా చివరికి ఆవిడ దగ్గరికే వస్తుంది.

"నాకైతే అనుమానం లేదండీ," అన్నారు ఫిలిప్ మాస్టారు పైనుంచి.

ఆవిడ టార్చి తీసి చేత్తో పట్టుకుంది. "అనుమానం లేనప్పుడు నన్నెందుకు పిలిచినట్టు?"

"మా ఆవిడ పోరు పడలేక."

మాస్టారు ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఏ సంగతైనా ఒకటి, రెండు, మూడు అని చెప్పకపోతే ఆయనకి ఊపిరాడదు. ఒకటి, రోజూ రాత్రి ఆయన బండి మీటరుని ఫోన్లో ఫోటో తీసుకుంటారు. రెండు వారాల నుంచి తెల్లారేసరికి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంటోంది. రెండు, ముందు బంపరు అడుగున కొత్త గీత పడింది. మూడు, చక్రం సందుల్లో కాలవలో ఉండే గుర్రపుడెక్క ఎండి అతుక్కుని ఉంది. అన్నిటికీ మించి, ఎడమ చక్రం దగ్గర చప్పుడొస్తోందని తీసుకెళ్తే, ఆటోనగర్లో మెకానిక్కు సురేష్ బండి చూసి, ఎక్కడో గట్టిగా కొట్టించాడు మాస్టారూ మీ డ్రైవరు, అని తేల్చేశాడు.

ఆ డ్రైవరు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పేరు పుల్లయ్య. ఆరడుగుల మనిషి. ఆరేళ్ళ నుంచి ఈ ఇంటి బండి నడుపుతున్నాడు. సాయంత్రం ఐదింటికి అతని స్థానంలో కొత్త డ్రైవరు వస్తున్నాడు. అప్పటికి నిజం బయటపడకపోతే, బండి కొట్టించి దాచాడన్న పేరుతో పుల్లయ్య ఈ గేటు దాటాలి. ఆ పేరు మోసుకెళ్ళిన డ్రైవరుకి ఈ చుట్టుపక్కల ఎవరూ తాళాలివ్వరు.

సీతారావమ్మ లేచి చీర దులుపుకుంది. "మాస్టారూ, ఆ చప్పుడు ఎట్టా ఉంటుందో ఒకసారి చేసి చూపించండి."

"నేనా?"

"బండి ఇప్పుడు నిలబడి ఉంది కదా మరి. మీరే చెయ్యాలి."

మాస్టారు గేటు వైపు చూసి, వీధిలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు సవరించుకున్నారు. "టక్... కిర్ర్ర్."

"కిర్రు ముందొస్తదండి," అన్నాడు పుల్లయ్య ఉండబట్టలేక. "టక్కు తర్వాత."

"నిన్నడిగారా?"

"అతన్నీ అడుగుతున్నా," అంది సీతారావమ్మ. "ఎప్పుడొస్తుంది పుల్లయ్యా?"

"స్పీడ్ బ్రేకరు మెల్లగా ఎక్కితే వస్తదమ్మా. హైవే మీద రాదు. నిన్న బండి కడిగాక మాత్రం ఓ పావుగంట అసలు నోరెత్తలా."

ఆవిడ అతని వైపు ఒక క్షణం ఎక్కువగా చూసింది. పెడనలో ఆవిడ పుట్టింటి నిండా మగ్గాలే. నాడె తగిలే చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా నాన్న చేతులు ఆగిపోయేవి. ఎంత గట్టిగా మోగిందన్నది కాదు, దేని తర్వాత మోగింది, ఎప్పుడు మోగడం మానేసింది అన్నది వినాలని ఆవిడ అక్కడే నేర్చుకుంది.

"మొదటిసారి ఎప్పుడు విన్నారు మాస్టారూ?"

"మూడో తారీఖు, గురువారం. ఎనిమిదీ ఐదుకి. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ మీద."

"అంతకుముందు బండికి ఏ పనీ చేయించలేదా?"

"పోయిన నెల ఇరవై రెండున సురేష్ దగ్గరే ఎడమ చక్రానికి రబ్బరు బుష్‌లు మార్పించాం. పాతవి పగిలాయన్నాడు. కొత్తవి వేశాడు, బండి పువ్వులా ఉంది. వీడు పాడుచేసేదాకా."

"పొద్దున్నే బండి ఎక్కడికి తీసుకెళ్తున్నావు పుల్లయ్యా?"

పుల్లయ్య నేల చూశాడు. "అది చెప్పలేనమ్మా. తప్పు మాత్రం చెయ్యలా."

"విన్నారా!" అన్నారు మాస్టారు, లెక్కలో జవాబు సరిపోయినంత సంబరంగా.

సీతారావమ్మ డ్రైవరు తలుపు తీసి సీట్లో కూర్చుంది. ఆవిడ ఎత్తు అయిదడుగులు దాటి ఒక్క అంగుళం. కాళ్ళు పెడల్స్‌కి సుఖంగా అందాయి. అద్దంలో వెనక రోడ్డు చక్కగా కనిపించింది. సీటు జరపలేదు, అద్దం ముట్టుకోలేదు. ఆరడుగుల పుల్లయ్య ఈ సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగ్‌ని పొడవాలి.

గుమ్మంలో మాస్టారి భార్య స్టెల్లా మజ్జిగ గ్లాసులతో నిలబడి ఉంది. సీతారావమ్మ దిగి నిలబడగానే ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో కలుసుకున్నాయి.

"స్టెల్లా గారూ, మజ్జిగ లోపలే తాగుతాను పదండి," అంటూ ఆవిడ వెంట నడిచింది. వంటింట్లోకి వెళ్ళాక గొంతు తగ్గించి అడిగింది. "కాలవ గట్టు మీద ఏ గేరు దాకా వెళ్తున్నారు?"

స్టెల్లా చేతిలో గ్లాసు సింకులో జారింది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. వేలమందికి చెయ్యి వణకకుండా సూది వేసిన మనిషి.

"పుల్లయ్య చెప్పాడా?"

"సీటు చెప్పింది."

"మూడో గేరు," అంది స్టెల్లా, సిగ్గూ గర్వమూ కలిసిపోయి. "అయిదున్నరకి వెళ్ళి, ఆయన లేచేలోపు, ఆరుంబావుకి వచ్చేస్తాం. ఆయన పదకొండేళ్ళ కిందట నాకు నేర్పబోయి, నేను గేటు స్తంభానికి గుద్దాను. అది ఇప్పటిదాకా ప్రతి పెళ్ళిలో, ప్రతి క్రిస్మస్‌కి చెప్తారండీ. బాగా వచ్చాక ఒకేసారి చూపిద్దామని, ఎవరికీ చెప్పనని పుల్లయ్య చేత ఒట్టేయించుకున్నా. ఆ గతుకుల్లో నేనే పాడుచేశానేమో. సోమవారం కల్వర్టు అంచుకి బంపరు కూడా గీశాను. రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తా."

"సోమవారమంటే ఏడో తారీఖు. చప్పుడు మొదలైంది మూడో తారీఖు. గీత కుడివైపుంది, చప్పుడు ఎడమవైపుంది. ఇక గతుకులంటారా, గట్టు గతుకులకే చెడేట్టయితే ఈ జిల్లాలో ఒక్క బండీ మిగలదు. మీరు చేసింది కాదు. కానీ చెప్పాల్సింది మీరే. ఐదింటి లోపు."

బయటికొచ్చి సీతారావమ్మ బానెట్ ఎడమ మూలన రెండు చేతులూ ఆనించి కిందికి నొక్కి వదిలింది. కిర్ర్ర్, టక్. మళ్ళీ నొక్కింది. కిర్ర్ర్, టక్. మంచినీళ్ళ సీసా మూత తీసి, చక్రం వెనక ఇనుప చెయ్యి బండి అడుగుకి అతుక్కునే చోట ధారగా పోసింది. నొక్కింది. చప్పుడు లేదు.

"రబ్బరు," అంది. "షాక్ అబ్జార్బర్ నూనె కారలేదు. ఇనుము వంగలేదు. పన్నెండు రోజులకే కొత్త రబ్బరు ఏడుస్తోంది. పదండి, ఆటోనగర్ వెళ్దాం. పుల్లయ్యా, నువ్వే నడుపు, ముప్పై దాటమాక."

పదకొండూ యాభైకి, స్టెల్లాతో సహా నలుగురూ సురేష్ షెడ్డు చేరారు. సురేష్‌కి నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా మీద గ్రీజు మరక పడనివ్వని మెకానిక్కు. గుద్దుకోని బండిని గుద్దుకుందని అతను రాసిచ్చిన కాగితాన్ని ఒకప్పుడు వెనక్కి తిప్పి పంపింది ఈ సీతారావమ్మే. అతను అది మర్చిపోలేదు.

"రండి సర్వేయరు గారూ! రిటైరయ్యారని విన్నా. ఇంట్లో కూర్చుంటే తోచట్లేదా?"

"తోస్తోంది సురేషూ. నీ పని చూస్తే ఇంకా బాగా తోస్తుందని వచ్చా."

"మీరు చూసేదేముంది? బండి ఎక్కడో గట్టిగా తగిలింది. మాస్టారికి చెప్పేశా."

"ఎక్కడ తగిలింది? వంగిన ముక్క ఏదీ?"

"ముక్క వంగకుండా లోపల దెబ్బ తగలకూడదా?"

"మనిషికైతే తగులుతుంది. ఇనుముకి తగలదు."

పక్కనే కొత్త లిఫ్టు మీద ఒక ఎర్రకారు గాల్లో ఉంది. పనివాళ్ళు బోల్టులన్నీ బిగించి పక్కకి జరిగారు. ఒకతను నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. సురేష్ కర్పూరం వెలిగించి కారు చుట్టూ తిప్పాడు. లిఫ్టు కిందికి దిగింది. కారు యజమాని ఎక్కి, కాయలు టప్పుమనేలా తొక్కించి, ఆగకుండా నేరుగా రోడ్డెక్కించాడు.

సీతారావమ్మ ఆ కారు వెళ్ళిన వైపు చూడలేదు. నేల చూసింది. లిఫ్టు రెండు స్తంభాల మధ్య సిమెంటు మిగతా నేల కంటే తెల్లగా ఉంది. నిలువునా ఒక మనిషి పడుకునేంత పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు.

"గొయ్యి పూడ్చేశావే?"

"లిఫ్టు వచ్చాక గొయ్యెందుకండీ? మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ గోతిలోనే నిలబడి పనిచేశాడు. పోయిన నెల ఇరవయ్యో తారీఖున పూడ్చి లిఫ్టు పెట్టించా."

"మాస్టారి బండి ఇరవై రెండున వచ్చింది. దానికీ దిష్టి తీశావా?"

"బండికి మతమేంటండీ?"

"నేను వద్దనే అన్నా," అన్నారు ఫిలిప్ మాస్టారు. "బానెట్ మీద చెయ్యి పెట్టి నేనే ప్రార్థన చేసుకున్నా. సురేష్ తన పని చేసుకున్నాడు. రెండూ అయ్యాయి."

"అయ్యాక మళ్ళీ స్పానర్ పెట్టావా సురేషూ?"

సురేష్ ఆవిడని జాలిగా చూశాడు. "దిష్టి తీశాక బండి మీద స్పానర్ పెట్టకూడదు మేడం. మా నాన్న కాలం నుంచి మా షెడ్డులో అది రూలు. కాయ చితికాక బండి నేరుగా రోడ్డెక్కాల్సిందే."

సీతారావమ్మ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. సంచిలోంచి సుద్దముక్క తీసింది. "ఒక పందెం. బండిని చెక్క దిమ్మల మీదికి ఎక్కించు. చక్రాలు దిమ్మల మీదే ఉండాలి, లిఫ్టు ముట్టుకోకూడదు. ఆ బుష్ బోల్టు నీ చేత్తోనే వదులు చెయ్యి. బుష్ కదలకపోతే, సురేష్ చెప్పిందే నిజమని రాసి నీ బోర్డు కింద సంతకం పెడతా. కదిలితే, పుల్లయ్య తప్పు లేదని ఇక్కడే అందరి ముందూ నువ్వు చెప్పాలి."

"చెప్తా. కానీ ముందు వాణ్ణి చెప్పమనండి," అన్నాడు సురేష్ వేలు చూపిస్తూ. "బంపరు మీద గీత ఎట్టా వచ్చింది? కాలవ డెక్క ఎట్టా వచ్చింది? తెల్లారగట్ల ఎక్కడ తిరుగుతున్నాడు?"

పనివాళ్ళంతా పుల్లయ్య వైపు తిరిగారు. అతను స్టెల్లా వైపు చూడకుండా తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"నేను," అంది స్టెల్లా.

ఆ ఒక్క మాటకి మాస్టారు వెనక్కి తిరిగారు. "నువ్వేంటి?"

"గట్టు మీద నడుపుతోంది నేను. కల్వర్టుకి గీసింది నేను. పుల్లయ్య పక్క సీట్లో కూర్చుని నేర్పుతున్నాడు. చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. ఉద్యోగం పోయేట్టున్నా ఆ ఒట్టు తప్పలా."

మాస్టారికి ఒకటి, రెండు, మూడు ఎక్కడా దొరకలేదు. చివరికి అడిగారు. "రివర్స్ కూడానా?"

"రివర్స్ మీకంటే బాగా చేస్తానంట."

"నేనట్టా అనలేదండయ్యా," అన్నాడు పుల్లయ్య కంగారుగా. షెడ్డంతా గొల్లుమంది.

పన్నెండూ పదిహేనుకి ముందు చక్రాలు దిమ్మలెక్కాయి. సీతారావమ్మ చాప మీద పడుకుని, బుష్ మధ్య ఇనుప గొట్టం మీదా, దాన్ని పట్టుకున్న బ్రాకెట్ మీదా కలిపి సుద్దతో ఒకే గీత గీసింది. మాస్టారు మోకాళ్ళ మీద వంగి చూశారు.

"వదులు చెయ్యి."

సురేష్ స్పానర్ తగిలించి లాగాడు. బోల్టు ఒక చుట్టు తిరగ్గానే ఠప్ మంది. బండి ఎడమ మూల మెల్లగా ఊపిరి వదిలినట్టు కిందికి సర్దుకుంది. సుద్దగీత రెండు ముక్కలైంది. ఒక ముక్క ఉన్నచోటే ఉంది. రెండోది అరవేలు పక్కకి వెళ్ళిపోయింది. రబ్బరు అంచున కత్తితో కోసినట్టు చీలిక కనిపించింది.



"బుష్ అంటే ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు," అంది సీతారావమ్మ లేచి కూర్చుని. "గతుకు వస్తే మెలి తిరుగుతుంది, దాటాక విప్పుకుంటుంది. అందుకే బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగించాలి. లిఫ్టు మీద చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. అప్పుడు బిగించి దించితే, బండి నేల మీద నిలబడ్డ ప్రతి నిమిషం ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. తడి తువ్వాలు పిండి, ఆ మెలిక విప్పకుండా రెండు వారాలు గట్టిగా పట్టుకున్నట్టు. చిరగదూ?"

"మా నాన్న కూడా కాయ చితికాక ముట్టుకునేవాడు కాదు," అన్నాడు సురేష్. గొంతులో వెటకారం పోయింది.

"ఆయన గోతిలో నిలబడేవాడు. బండి చక్రాలు నేల మీదే ఉండేవి. ఆయన బిగించిందే అసలు బిగింపు, ఆ తర్వాత కాయ చితికితే నష్టం లేదు. నువ్వు గొయ్యి పూడ్చావు, రూలు మాత్రం ఉంచుకున్నావు. లిఫ్టు దిగాక ఇంకోసారి బిగించాల్సిన పనికి నీ షెడ్డులో చోటే లేకుండా పోయింది. దించి, బిగించి, ఆ తర్వాత తీసుకో దిష్టి. ఎవరొద్దన్నారు?"

సురేష్ సుద్దగీత మీద వేలు పెట్టి, చీలిక దాకా తడిమి చూశాడు. తర్వాత లేచి, చొక్కాకి దుమ్మంటిందని కూడా చూసుకోకుండా పుల్లయ్య ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "తప్పు నాది పుల్లయ్యా. నీది కాదు. ఇక్కడున్న అందరూ వినండి."

పుల్లయ్య తలూపాడు. కళ్ళు తుడుచుకునే మనిషి కాదు గనక తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఫిలిప్ మాస్టారు దగ్గరికొచ్చారు. "నేను మూడు ఆధారాలు చూశానురా. మూడూ కరెక్టే. కలిపి తప్పు జవాబు రాశా."

"పోన్లెండయ్యా."

"పోనివ్వను. ఆ ఐదింటి మనిషికి రావద్దని చెప్పు స్టెల్లా."

స్టెల్లా అప్పటికే ఫోన్ తీసింది. షెడ్డులో ఎవరో టీ చెప్పారు. సీతారావమ్మ చాప చుట్టుకుంటూ, ఏదో తట్టి, చుట్టడం ఆపేసింది.

"సురేషూ. లిఫ్టు వచ్చాక ఈ బుష్‌ల పని ఎన్ని బండ్లకి చేశావు?"

"రెండే మేడం. మాస్టారిదీ, పెడన చౌడయ్య గారిదీ. బట్టల వ్యాపారం ఆయనది. ఇరవై ఒకటిన చేశా. ఆయనకి రెండువైపులా మార్చా. పోయిన వారం చప్పుడొస్తోందని ఫోన్ చేస్తే, కొత్త రబ్బరు కదా, అలవాటు పడుతుందిలెమ్మన్నా."

"ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టు."

నాలుగు రింగులకి చౌడయ్య ఎత్తాడు. గాలి హోరు మధ్య నవ్వుతున్న గొంతు. "సురేషూ! నీ నోట్లో చక్కెర పొయ్యాలయ్యా. అలవాటు పడుతుందన్నావు, పడింది. పొద్దున పెడనలో బయల్దేరిన కాసేపటికి చప్పుడు తుడిచిపెట్టినట్టు పోయింది!"

సురేష్ హాయిగా ఊపిరి తీసుకున్నాడు. సీతారావమ్మ అతని చేతిలో ఫోన్ లాక్కుంది. 

"అయ్యా, నేను సీతారావమ్మని. బ్రేకు వేస్తే బండి పక్కకి లాగుతోందా?"

"కొంచెం ఎడమకి లాగుతోందమ్మా. వెనకంతా చీరల మూటలు కదా, బరువుకి అట్టాగే ఉంటదిలే. మా ఆవిడ కూడా ఉంది. మైలవరం పెళ్ళివారికి ఇవ్వాలి. ఉయ్యూరు దాటేశాం."

"బండి ఆపండి. ఎక్కడుంటే అక్కడ, మెల్లగా, బ్రేకు గట్టిగా తొక్కకుండా..."

"ఏంటమ్మా? గాలికి వినపడట్లా. బెజవాడ వచ్చాక మాట్లాడతా." ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే మోగింది గాని ఎత్తలేదు.

"చప్పుడు పోయింది కదా మేడం?" అన్నాడు సురేష్.

"రబ్బరు ఉంటేనే కిర్రుమంటుంది. పూర్తిగా తెగిపోతే అరవడానికి ఏం మిగిలింది? అన్ని మూటలతో ఇద్దరు మనుషులు ఇప్పుడు ఒట్టి బోల్టుల మీద నడుస్తున్నారు. ఒక్కసారి గట్టిగా బ్రేకు పడితే ఆ చక్రం ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి."

సురేష్ తన జీపు తాళాలు తీశాడు. తొందరలో కింద పడేశాడు. ఫిలిప్ మాస్టారు వంగి వాటిని తీసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పుల్లయ్య చేతిలో పెట్టారు.

"నువ్వు నడుపు."

పన్నెండూ యాభై రెండు. జీపు బందరు రోడ్డెక్కింది. పక్కన సీతారావమ్మ, వెనక మాస్టారూ సురేషూ. స్టెల్లా షెడ్డులోనే ఆగింది. సురేష్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అది మోగుతూనే ఉంది. పుల్లయ్య లారీలని సందుల్లోంచి దాటిస్తున్నాడు, ఒక్క హారన్ కూడా వృథా చెయ్యకుండా.

కంకిపాడు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా సీతారావమ్మ ముందుకి వంగింది. డివైడరుకి అవతల, ఎదురు దారిలో, నెత్తి మీద కూడా చీరల మూటలు కట్టుకుని ఒక బూడిదరంగు బండి వస్తోంది. ఎడమ ముందు చక్రం నిటారుగా లేదు. పైభాగం లోపలికి వాలి ఉంది. ఆ బండికి ముందు, ఎర్ర లైట్లు వేసుకుని ఒక చెరకు ట్రాక్టరు వేగం తగ్గిస్తోంది.

"అదే!" అని అరిచాడు సురేష్.

"డివైడరుకి సందు ఎక్కడ పుల్లయ్యా?"

"సందు వెనకే పోయిందమ్మా." అతను గేరు మార్చాడు. "ఇక్కడ డివైడరు మీదుగా మట్టి పోసిన దారొకటి ఉంది, ట్రాక్టర్లోళ్ళు అవతలికి దాటేది. గట్టిగా పట్టుకోండయ్యా."

ఫిలిప్ మాస్టారు ముందు సీటుని రెండు చేతులా పట్టుకున్నారు. జీపు ఎగిరి, బూడిదరంగు బండి వస్తున్న దారిలోకి దూకింది.